బొడ్డుపేటిక

తొయామాలో ఆ రాత్రి మంచు
కిటికీ అద్దాలకి దూది అంటించినట్టు కురిసింది.
నేను అరిచాను.
పక్క గదిలో ఇంకొకామె కూడా కంటోంది,
నోట్లోంచి మాట లేదు.
గోడకి చెవి ఆనిస్తే ఊపిరొక్కటే,
ఎవరో దూరంగా, మర్యాదగా
రంపం లాగుతున్నట్టు.

మంత్రసాని హత్సుయె సాన్
నా పిడికిలి విప్పి తన చెయ్యి ఇరికించింది.
"అరుపు పైకి కాదమ్మా, కిందికి పంపు" అంది.
నాకొచ్చిన జపనీసు కూరగాయలు కొనడానికి సరి,
కనడానికి చాలదు.
అయినా అర్థమైంది.
నేను మాత్రం ఇగ్బోలోనే తిట్టాను,
మొగుణ్ణి, మంచుని, వాడి బేరింగుల ఫ్యాక్టరీని,
విమానం కనిపెట్టినవాణ్ణి.
ప్రతి తిట్టుకీ ఆవిడ "అవునవును" అంది.

తొమ్మిది నెలలూ తూకం చూసి
తల అడ్డంగా ఊపాడు డాక్టరు.
పెండలం మానెయ్యమన్నాడు.
పెండలం మానితే మాకింక మిగిలేదేమిటి?
మా వైపు కడుపుతో ఉన్నదాన్ని
ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటారు.

తెల్లారగట్ల పుట్టాడు.
మధ్యాహ్నం పళ్లెంలో ఎర్ర గింజల అన్నం,
తలా తోకా ఉన్న చేప
నన్నే చూస్తూ.
బాలింత ఒంటికి కారం పట్టాలని
అమ్మ పంపిన మిరియాల పొట్లం
కస్టమ్స్‌ వాళ్లు చింపి, మళ్లీ చక్కగా అంటించి ఇచ్చారు. సగం ఉంది.
ఆ సగంతోనే చిదుబెమ్ పులుసు కాచి
ఫ్లాస్కులో పోసి, మోకాలి లోతు మంచులో తెచ్చాడు.
లిఫ్టులో నలుగురు తుమ్మారట.
నలుగురూ ఆయనకే క్షమాపణ చెప్పారట.

నగర కార్యాలయంలో పేరు రాయించాం.
కొసిసోచుక్వు. దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా.
కుర్ర గుమాస్తా గడులు లెక్కపెట్టుకున్నాడు.
వాళ్ల అక్షరాల్లో ఆ 'సి' పలకదు, 'షి' అవుతుంది.
కొషి... అని చదివి ఆగాడు.
కొషి అంటే వాళ్ల భాషలో నడుమట.
కౌంటరు పట్టుకుని నిలబడ్డదాన్ని,
"అవును, విరిగింది అదే" అన్నాను.
వంగి దణ్ణం పెట్టి,
ఆ తర్వాత నవ్వాడు.

ఇరవై ఆరు రోజుల మనిషికి కార్డొచ్చింది.
ఫొటో లేదు.
హోదా: ఆధారపడినవాడు.
ఉండే గడువు: ఒక ఏడాది.
పాలు తాగి సరిగ్గా దాని మీదే కక్కాడు.

బొడ్డు మాత్రం ఆరో రోజునే ఊడింది.
హత్సుయె సాన్ అరచేతిలో పట్టేంత
చెక్కపేటిక తెచ్చింది, లోపల దూదిపరుపు.
దాచుకో అంది.
"మా అమ్మ బీరువాలో నాలుగుండేవి.
పేర్లు చెరిగిపోయాయి.
ఏది ఎవరిదో అమ్మకే తెలుసు, అమ్మ పోయింది.
నాలుగూ నా దగ్గరే ఉన్నాయి."

మా ఊళ్లో బొడ్డు తాటిజాతి చెట్టు మొదట్లో పాతిపెడతారు.
నూనెగెలల చెట్టు. ఆపైన ఆ చెట్టు వాడిది.
పొలాల తగువుల్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే:
నీ బొడ్డు ఏ చెట్టు కింద?
అమ్మ అప్పుడే గొయ్యి తవ్వించింది.
పంపించు, పంపించు అని రోజూ ఫోను.
గోతిలో ఒకసారి కోడి పడిందట.
ఒకసారి వానకి పూడిందట.
ఇప్పుడు మూడోసారి తవ్వించింది.

పేటిక పాస్‌పోర్టుల పక్కన ఉంది.
ఊపితే శొంఠిముక్కలా గలగలమంటుంది.
రాత్రిళ్లు ఏడుపు ఆగకపోతే ఊపుతాను,
ఏడుపాపి తల తిప్పి చూస్తాడు.
ఒకసారి కవర్లో పెట్టి అడ్రసు కూడా రాశాను.
అంటించలేదు.

మంచు వల్ల పోస్టు ఆలస్యమని చెప్పాను.
ఇప్పుడు వీధిలో మంచు లేదు.
కాలవ గట్టున పిల్లలు చొక్కాలు విప్పి ఆడుతున్నారు.
నిన్న అమ్మ అడిగింది:
"ఎండాకాలం కూడా మంచు పడుతుందే అక్కడ?"

పడుతుందన్నాను.